ఆంకీ యాప్: బీడీఎస్ ఫస్టియర్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

హన్మకొండ జిరాక్స్ షాపుల్లో దొరికే సీనియర్ల నోట్సుకు హైలైటర్ పూసి నాలుగుసార్లు తిరగేస్తే అంతా వచ్చినట్టే ఉంటుంది. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒక పన్ను చేతిలో పెట్టి ‘ఇది ఏ వైపుది?’ అంటే నోరు పెగలదు. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు. ఆంకీ చేయించేది రెండోది: ముందు ప్రశ్న, వెనక జవాబు ఉన్న కార్డులను చూపించి, ఎంత గుర్తుందో దాన్ని బట్టి కొన్నాళ్లకు మళ్లీ అడిగే యాప్ ఇది. ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్‌లో ఉచితం. ఐఫోన్‌లో మాత్రం కొనుక్కోవాలి.

డెంటల్ అనాటమీకి దీన్ని మించింది లేదు, కార్డు సరిగ్గా రాస్తే. ‘మ్యాక్సిలరీ ఫస్ట్ ప్రీమోలార్ లక్షణాలు’ అని కార్డు చేస్తే దండగ. ఒక కార్డుకు ఒకటే ముక్క: మీసియల్ మార్జినల్ రిడ్జ్‌ను దాటే గ్రూవ్ ఏ ప్రీమోలార్‌కు ఉంటుంది? క్రోనాలజీ టేబుల్లో (ఏ పన్ను ఎప్పుడు ఏర్పడి ఎప్పుడు మొలుస్తుందో చెప్పే పట్టిక) ఒక్కో గడి ఒక్కో కార్డు. హిస్టాలజీకి (కణజాలాల చదువు) రికార్డులో గీసిన బొమ్మ ఫొటో తీసి, ఇమేజ్ అక్లూజన్‌లో (బొమ్మ మీద భాగాలు మూసి అడిగే ఆప్షన్) లేబుళ్లన్నీ మూసేయండి. అడిగినదొక్కటే మూస్తే పక్క లేబుళ్లు జవాబు పట్టిస్తాయి.

రెడీమేడ్ డెక్‌లతో (వేరేవాళ్లు చేసిపెట్టిన కార్డుల కట్టలతో) జాగ్రత్త. పళ్లకు నంబర్లిచ్చే పద్ధతి అక్కడ వేరు: అమెరికా డెక్‌లో కుడి పై ఫస్ట్ మోలార్ 3; మనం చెప్పాల్సింది 16.

చాలామంది బోల్తా పడేది సెట్టింగుల దగ్గర. రోజుకు 20 కొత్త కార్డులు డిఫాల్ట్. కొన్ని వారాలకే పాతవి తిరిగొచ్చి రోజుకు 150, 200 అవుతాయి. ఫస్టియర్‌కు 10 చాలు. బతుకమ్మ, దసరా సెలవులకు ఊరెళ్లొచ్చేసరికి కుప్ప చూసి యాప్ తీసేస్తారు. తీసేయకండి, కుప్ప కరిగేదాకా కొత్తవి సున్నా పెట్టండి. ఇంకోటి, మర్చిపోయినప్పుడు మొహమాటానికి ‘హార్డ్’ నొక్కొద్దు. యాప్ లెక్కలో హార్డ్ అంటే కష్టపడ్డా గుర్తొచ్చిందని. రేపు అడగాల్సింది వెనక్కి పోతుంది. మర్చిపోతే ‘అగైన్’ నొక్కాల్సిందే.

థియరీ వంద మార్కుల్లో రాతకు 70, వైవాకు 20, ఇంటర్నల్స్‌కు 10. ఆంకీ బాగా లాభించేది ఆ 20కే. రాతకు ఇచ్చేది ముడిసరుకు మాత్రమే. వారానికో లాంగ్ ఎస్సే గడియారం పెట్టుకుని బొమ్మతో సహా రాయకపోతే సప్లీ తప్పదు.

కార్వింగ్‌కు (వ్యాక్స్ బ్లాక్‌లో పన్ను చెక్కే ప్రాక్టికల్) కొలతలు కార్డుల్లో పెట్టుకోవచ్చు: మ్యాక్సిలరీ సెంట్రల్ ఇన్సైజర్ క్రౌన్ పొడవు 10.5 మి.మీ., వెడల్పు 8.5. మిగతాదంతా చేతిపనే. కాంటాక్ట్ ఏరియా దగ్గర ఒక గీత లోతుగా పడిందా, ఇక వ్యాక్స్ బ్లాక్ మార్చుకోవడమే.