పాటల బ్యాకప్: హార్డ్ డిస్కా, క్లౌడా?

నాలుగు నిమిషాల పాట ఫ్లాక్‌లో (నాణ్యత తగ్గకుండా పాటను కుదించే ఫార్మాట్) సుమారు 25 ఎంబీ. పదివేల పాటలంటే 250 జీబీ. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్‌లోకి గంట, గంటన్నరలో ఎక్కేస్తాయి. క్లౌడ్‌కైతే 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద 28 గంటలు, ఆపైన నెలనెలా అద్దె.

విశాఖలో డిస్క్‌కు అసలు శత్రువు ఉప్పుగాలి. బీచ్ వైపు ఇళ్లలో కేబుల్ కొనకు చిలుము పడుతుంది, కాపీ మధ్యలో డిస్క్ కనిపించకుండా పోతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, ఆరు నెలలకోసారి తీసి నడపండి. దాచడానికి ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో దాచే డిస్క్) వద్దు. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి ఉంటే డేటా చెడిపోవచ్చు.

2014 హుద్‌హుద్ లాంటి తుఫానుకు ఇల్లే తడిస్తే డబ్బా ఏం కాపాడుతుంది? అక్కడ క్లౌడ్‌దే పైచేయి. కాకపోతే సింక్‌ను బ్యాకప్ అనుకోకండి. ఇక్కడ ఫోల్డర్ చెరిపితే అక్కడా చెరుగుతుంది, ట్రాష్‌లో ఉండేది కొన్నాళ్లే.

మా ఓటు డిస్క్‌కే, అదీ రెండు: ఒకటి ఇంట్లో, ఒకటి అనకాపల్లిలోనో విజయనగరంలోనో చుట్టాలింట్లో. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, మళ్లీ దొరకనివి మాత్రం క్లౌడ్‌లోనూ ఉండాలి. కాపీ అయ్యాక సైజు చూసి సరిపెట్టుకోవద్దు. మామూలుగా ఫ్లాక్ ఫైల్‌లోనే ఎండీ5 చెక్‌సమ్ (పాట డేటా మారిందో లేదో పోల్చి చూసే వేలిముద్ర లాంటి సంఖ్య) ఉంటుంది. ఫ్లాక్ ప్రోగ్రామ్‌లోని టెస్ట్ నడిపితే చెడిన పాట పేరుతో సహా బయటపడుతుంది.