సమస్త జనులకు మందిరం: విజయవాడ, గుంటూరు చూసొచ్చాక

మాది విశాఖ. మా క్రైస్తవ సంఘం కొత్త మందిరం కట్టబోతోంది. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకునే ఆఫ్రికా విద్యార్థులు కొందరు ఆదివారం ఆరాధనకు వస్తుంటారు కాబట్టి, పునాది తవ్వకముందే వేరే ఊళ్ళలో మందిరాలు ఎలా ఉన్నాయో చూసొద్దామనుకున్నాం. మా పాస్టరు అయ్యగారు, పాస్టరమ్మ, నేను, టాంజానియా కుర్రాడు ఒకరు, ఇథియోపియా అమ్మాయి ఒకరు కలిసి బయల్దేరాం. గోపురాలు, గ్రానైట్ల కోసం కాదు. భాష రాని కొత్త మనిషి లోపలికి అడుగుపెడితే మొదటి పది నిమిషాలు ఎలా గడుస్తాయన్నదే మేం చూడాలనుకున్నది.

రత్నాచల్‌లో విజయవాడలో దిగేసరికి చీకటి పడింది. గవర్నర్‌పేటలో ఒక లాడ్జిలో గదులున్నాయన్నారు, పాస్‌పోర్టులు చూడగానే లేవన్నారు. పక్కదాంట్లోనూ అదే మాట. విదేశీయులు దిగితే వాళ్ళ వివరాలు 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో పంపాలి. హోటళ్ళవాళ్ళు దాన్ని ఫారం సి అంటారు. ఆ లాగిన్ లేని చిన్న లాడ్జిలు తలనొప్పి ఎందుకని వద్దంటాయి. చివరికి కాస్త పెద్ద హోటల్లో పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు తీసుకుని మర్యాదగా గదులిచ్చారు. రేటు దాదాపు రెట్టింపు. విదేశీ మిత్రులతో వెళ్ళేవాళ్ళు గది బుక్ చేసేముందే ఫోన్ చేసి "ఫారం సి చేస్తారా?" అని అడగండి. సామాను పట్టుకుని రాత్రిపూట గడప గడపా తిరగడం ఆ పిల్లల మనసుకు ఎంత కష్టంగా ఉంటుందో పక్కనుండి చూశాను.

మర్నాడు పొద్దున్నే గుణదల. 1924లో ఇక్కడి అనాథ శరణాలయం చూసుకుంటున్న ఇటలీ క్యాథలిక్ గురువు ఆర్లాటి ఈ కొండ మీద లూర్దు మాత (మరియమ్మ) విగ్రహం పెట్టించారు. మేం ప్రొటెస్టెంట్లం, విగ్రహాల విషయంలో మా నమ్మకం వేరు. అయినా అక్కడ చూసింది చెప్పకుండా ఉండలేను. బొట్టు పెట్టుకున్న అమ్మలు కొబ్బరికాయ, కొవ్వొత్తి పట్టుకుని వరసలో ఉన్నారు. ఒకాయన మనవడికి తలనీలాలు ఇప్పించి ఆ గుండు తడుముతూ మురిసిపోతున్నాడు. నీది ఏ మతం, ఏ ఊరు అని ఎవరూ ఎవర్నీ అడగడం లేదు. మా వాళ్ళిద్దర్నీ ఎవరూ వింతగా చూడలేదు, సెల్ఫీలు అడగలేదు. విజయవాడ మొత్తంలో వాళ్ళు హాయిగా ఊపిరి తీసుకున్న చోటు అదే. పైదాకా మెట్లెక్కలేనివాళ్ళకు కింద చర్చి ఉంది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ళు. జనం లక్షల్లో వస్తారు. తీరిగ్గా చూడాలంటే మామూలు రోజుల్లో వెళ్ళడమే మేలు.

గుంటూరుకి బస్సులో వెళ్ళాం. ప్రయాణం గురించి చెప్పుకోవాల్సిందేమీ లేదు. ఊరి గురించి మాత్రం చాలా ఉంది. జర్మనీలో పుట్టి అమెరికా వెళ్ళిన లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) మిషనరీ హయ్యర్ 1842 జూలై 31న ఇక్కడ అడుగుపెట్టారు. అప్పటికి ఆయనకు 49 ఏళ్ళు. చేరదీసింది అప్పటి కలెక్టర్ హెన్రీ స్టోక్స్. అంటే ఈ ఊళ్ళో లూథరన్ సంఘం మొదలైందే ఒక పరదేశికి ఎవరో చోటిచ్చినందువల్ల. 1883లో వచ్చిన అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి కొత్తపేటలో ఉంది. 1898లో తెరిచారు. రోగుల బంధువులు ఉండటానికి ఏలూరు రాజా భుజంగరావు దాని ఎదుట సత్రం కట్టించారు. అంటే వైద్యం చేసింది క్రైస్తవ ఆసుపత్రి, నీడ కట్టించింది హిందూ రాజు. ఆ గేటు దగ్గర మేం చాలాసేపు నిలబడ్డాం.

ఆదివారం రెండు చోట్లకి వెళ్ళాం. మొదటిది పెద్ద చర్చి. విశాలమైన హాలు, వరసగా బల్లలు, చక్కటి సౌండ్ సిస్టం. మా వాళ్ళని చూడగానే ముందుకి తీసుకెళ్ళి వేదిక పక్కన కుర్చీలేసి, శాలువాలు కప్పి, రెండు మాటలు చెప్పమన్నారు. ప్రేమతోనే చేశారు, అందులో అనుమానం లేదు. కానీ తర్వాత గంటన్నర ప్రసంగంలో ఒక్క ముక్క వాళ్ళకి అందలేదు. పక్కన కూర్చుని చెప్పేవాళ్ళూ లేరు. బయటికొచ్చాక ఆ కుర్రాడు, "నాకు శాలువా అక్కర్లేదు బ్రదర్, పక్కన ఒక మనిషి ఉంటే చాలు" అన్నాడు.

రెండోది సందులో చిన్న మందిరం. సాయంత్రం ఆరాధన, చాపల మీద కూర్చోవాలి. ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో తటపటాయిస్తున్న ఆ అమ్మాయిని ఒక పెద్దావిడ చెయ్యిపట్టి తీసుకెళ్ళి, తను జరిగి చాప మీద చోటిచ్చింది. పాస్టరు గారు వాక్యం ఎత్తగానే తన బైబిల్లో ఆ పేజీ తీసి, అధ్యాయం అంకె మీద, వచనం అంకె మీద వేలు పెట్టి చూపించింది. ఈ అమ్మాయి ఫోన్లో తన అమ్హారిక్ (ఇథియోపియా భాష) బైబిల్లో ఆ అంకెలే తెరిచింది. ఆరాధన అయ్యేదాకా ఆ వేలు అలా చూపిస్తూనే ఉంది. ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమ విందులో పులిహోర, బంగాళదుంప కూర పెట్టారు. కారం ఎక్కువని గ్రహించి పెరుగు తెప్పించారు.

సమస్త జనులకు ప్రార్థన మందిరం అన్న మాట యెషయా 56వ అధ్యాయంలో ఉంది. దేవాలయంలో వ్యాపారుల బల్లలు పడదోసిన రోజు యేసు ఎత్తింది కూడా ఆ మాటే. ఆ సంత జరిగింది అన్యజనులు, అంటే యూదులు కానివాళ్ళు, నిలబడి ప్రార్థించుకోవాల్సిన ఆవరణలో. మా ప్లానులో రోడ్డు వైపు అద్దెకిచ్చే రెండు కొట్లున్నాయి. తిరుగు ప్రయాణంలో అయ్యగారు వాటిని పెన్నుతో కొట్టేసి, అక్కడ నీడ ఉన్న వరండా, చెప్పుల స్టాండు, ర్యాంపు గీశారు. నెలకి వచ్చే అద్దె పోతుంది, పోనివ్వండి.

ఇంకో మాట కూడా అనుకోవాలి. దేశదేశాల వాళ్ళని పిలుస్తాం గానీ, మన ఊళ్ళలో పేటకో చర్చి ఉంది. ఒక పేట వాళ్ళు ఇంకో పేట చర్చిలో ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకోరు. ఇథియోపియా నుంచి వచ్చిన అమ్మాయికి చాప మీద చోటిచ్చి, పక్క పేట వాళ్ళని గుమ్మంలో నిలబెడితే ఆ మందిరానికి ఆ పేరు తగదు. ఈ సంగతి కమిటీలో గట్టిగానే చెప్పాను.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. విదేశీ పౌరులు ఇక్కడ రూపాయల్లో ఇచ్చినా చట్టం దాన్ని విదేశీ విరాళంగానే చూస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, సొమ్ము ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. మాకు అది లేదు కాబట్టి ఆ పిల్లల దగ్గర భవన నిధికి ఏమీ తీసుకోవడం లేదు. వాళ్ళ పాలు వేరేగా ఉంటుంది. ఆ కుర్రాడు కట్టడం కమిటీలో కూర్చుంటాడు. ఆదివారం మధ్యాహ్నం ఇంగ్లీషు ఆరాధనకి పక్క గది ఎంత ఉండాలో ఆ ఇద్దరే చెబుతారు. గుంటూరు వైపు వృద్ధులకీ, చక్రాల కుర్చీకీ అనువుగా కట్టిన మందిరం ఎక్కడైనా ఉంటే చెప్పండి. స్లాబు పడేలోగా మళ్ళీ వెళ్ళి చూసొస్తాం.