లండన్స్ పల్స్: పాత లండన్ పేటల్లో అంటురోగాల జాడ తీసేవారికి

విక్టోరియా కాలంలో లండన్‌లోని ఏ పేటలో ఏ రోగం ఎప్పుడు పాకిందో ఇంట్లో కూర్చుని చూడాలంటే లండన్స్ పల్స్ అనే ఈ ఆన్‌లైన్ నివేదికల భాండారాన్ని మించింది లేదు. లండన్‌లోని వైద్య చరిత్ర గ్రంథాలయమైన వెల్కమ్ లైబ్రరీ స్కాన్ చేయించిన, పేటల ఆరోగ్యం చూసే వైద్యాధికారుల నివేదికలివి. 1848 నుంచి 1972 దాకా, 5,500కు పైగా ఉన్నాయి. పైసా ఖర్చు లేదు. స్కానింగ్‌కు వంక పెట్టలేం. తంటా అంతా అంకెల దగ్గరే.

వెతికేటప్పుడు ఆనాటి పారిష్ (చర్చి పరిధిని బట్టి ఏర్పడ్డ పేట) పేరు వేయండి: నేటి క్యామ్‌డెన్ కాదు, సెయింట్ ప్యాంక్రాస్. 1855 చట్టంతో ప్రతి వెస్ట్రీ (పారిష్ పాలక మండలి), జిల్లా బోర్డు వైద్యాధికారిని పెట్టుకోక తప్పలేదు కాబట్టి అక్కడి నుంచి పేటల వారీ లెక్కలు చిక్కబడతాయి.

1889 దగ్గర మాత్రం గట్టిగా గీత గీసుకోండి. అంతకుముందు కనిపించేవి ప్రధానంగా చావులు. ఆ ఏడాది చట్టంతో మశూచి, కలరా, కంఠసర్పి (డిఫ్తీరియా), స్కార్లెట్ జ్వరం, టైఫాయిడ్ లాంటివి సోకితే డాక్టరు చీటీ రాసి పంపడం లండన్‌లో తప్పనిసరైంది. సొంత రోగి అయితే చీటీకి రెండున్నర షిల్లింగులు, ఆసుపత్రి రోగి అయితే ఒక షిల్లింగు. తట్టు, కోరింత దగ్గు ఆ జాబితాలో లేవు, వాటికి చావుల లెక్కే దిక్కు. చావుల గీతను, కేసుల గీతను కలిపి ఒకే గ్రాఫ్ గీస్తే 1890లో రోగం ఎగబాకినట్టు కనిపిస్తుంది. ఎగబాకింది చీటీలు!

ఇంకో ఉచ్చు, ఆసుపత్రులు. లండన్ ఫీవర్ హాస్పిటల్ ఇస్లింగ్టన్‌లో ఉండేది. ఊరు నలుమూలల నుంచి టైఫస్ (పేల ద్వారా పాకే జ్వరం, టైఫాయిడ్ కాదు) రోగులు అక్కడికి వచ్చేవారు, వాళ్ల చావులు ఇస్లింగ్టన్ నెత్తిన పడేవి. మశూచిది దీనికి తిరగబడ్డ కథ. 1884 నుంచి రోగులను డార్ట్‌ఫర్డ్ దగ్గర లాంగ్ రీచ్‌లో లంగరేసిన ఓడలకు తరలించేవారు, చావు లండన్ బయట నమోదయ్యేది. పేట వైద్యాధికారి వాటిని వెనక్కి కలిపాడో లేదో పట్టిక అడుగున ఉన్న గమనికలో చూడాలి. మరణాల రేటు తీసుకునే ముందు ఇది తప్పనిసరి.

టైఫస్, టైఫాయిడ్‌లను జనన మరణాల నమోదు చూసే రిజిస్ట్రార్ జనరల్ విడదీసింది 1869లో. అంతకుముందు ‘జ్వరం’ అని ఉంటే రెండూ అందులోనే.

పట్టికను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాక వరుసల మొత్తాలు కూడి అచ్చులోని మొత్తంతో సరిచూడండి, 3, 8 తారుమారైతే అక్కడే దొరికిపోతుంది. చుక్కల వరుస ఉన్న గడి చాలాచోట్ల సున్నా, సమాచారం లేదని కాదు.