24, 40, 50: రోజూ వెంట ఉండే కెమెరాకు ఏ ప్రైమ్ లెన్స్ మేలు?

మా అమ్మ ఐదడుగుల మనిషి. ఆమె నిలబడి ఉంటే తల నుంచి కాళ్ల దాకా ఫొటో తీయాలి. నాది క్యానన్ క్రాప్ సెన్సర్ (35 ఎంఎం ఫిల్మంత ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ కన్నా చిన్నది) డీఎస్‌ఎల్‌ఆర్. ప్రైమ్ అంటే జూమ్ లేని లెన్స్. ఎంఎంలో చెప్పే దాని ఫోకల్ లెంగ్త్ పెరిగేకొద్దీ ఫ్రేమ్‌లో పట్టేది తగ్గుతుంది. కెమెరా నిలువుగా పట్టుకుంటే 24 ఎంఎం లెన్సుకు ఆరడుగుల దూరం చాలు. 40కి పదడుగులు కావాలి. 50కి పన్నెండు దాటాలి. బెంగళూరు మారతహళ్లిలో మేం అద్దెకుంటున్న ఇంట్లో వంటగది ఎనిమిది అడుగులు, హాలు పదకొండు. లెన్స్ కొనేముందు నేను వేసుకోవాల్సిన లెక్క ఇదే. వేసుకోకుండా, అందరూ చెప్పారని ముందు 50 కొన్నాను. రెండేళ్ల తర్వాత 24 కొన్నాను. ఇప్పుడు నన్ను ఎవరడిగినా ముందు 24 కొనమనే చెబుతున్నాను.

మూడూ క్యానన్ ఎస్‌టీఎం (ఫోకస్ మోటారు రకం) లెన్సులే. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8 బరువు 160 గ్రాములు. 40 ఎఫ్ 2.8 బరువు 130, 24 ఎఫ్ 2.8 బరువు 125. ఈ రెండూ పాన్‌కేక్ లెన్సులు, అంటే అట్టులా పలచనివి, మందం 2.3 సెంటీమీటర్లు. క్రాప్ కెమెరాలో 1.6తో గుణించుకోవాలి కాబట్టి, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 24 అంటే 38, 40 అంటే 64, 50 అంటే 80. అంటే క్రాప్ కెమెరా మీద 50 పోర్ట్రెయిట్ లెన్స్ అయిపోతుంది.

50 కొనమనేవాళ్లు ముందు చెప్పేది వెలుతురు గురించి. నిజమే, ఎఫ్ 2.8 కన్నా ఎఫ్ 1.8లో దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ వెలుతురు వస్తుంది. కానీ ఫోకల్ లెంగ్త్ పెరిగేకొద్దీ చెయ్యి వణుకు కూడా ఫొటోలో పెద్దదై కనిపిస్తుంది. ఈ మూడింటిలో దేనికీ ఆ వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ లేదు. 24తో షట్టర్ సెకనులో 40వ వంతు తెరిచి ఉన్నా చేత్తో పట్టుకుని తీయొచ్చు, 50కి 80వ వంతన్నా ఉండాలి. అంటే కదలని వాటి విషయంలో, అదనంగా వచ్చిన వెలుతురు చాలావరకు అక్కడే ఖర్చయిపోతుంది. కదిలే పిల్లల సంగతి వేరు. మా పాప సోఫా మీంచి దూకేటప్పుడు ఏ లెన్సుకైనా 250వ వంతు కావాల్సిందే. అక్కడ 50దే పైచేయి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్ 24 దగ్గర దాదాపు ఎఫ్ 4 ఇస్తుంది. కాబట్టి 24 ప్రైమ్ కొంటే పెరిగే వెలుతురు రెట్టింపు మాత్రమే. అదే 50 దగ్గర కిట్ లెన్స్ ఎఫ్ 5.6, అక్కడి నుంచి 1.8 అంటే పది రెట్లు. వెలుతురు కోసమే డబ్బు పెట్టేవాళ్లకు 24తో తృప్తి ఉండదు. నేను దాన్ని మెచ్చుకునేది అది ఆఫీసు బ్యాగులో టిఫిన్ బాక్సు పక్కన ఇమిడిపోతుందని. కిట్ లెన్స్ తగిలించి ఉన్నన్నాళ్లూ కెమెరా బీరువాలోనే ఉండేది.

బసవనగుడిలో కార్తీకం చివరి సోమవారం కడలేకాయి పరిషె జరుగుతుంది. అమ్మను తీసుకెళ్లాను. అనంతపురం దగ్గర మా చేలో ఏళ్ల తరబడి శెనక్కాయ పండించిన మనిషి. ఒక రాశి ముందు ఆగి కాయ తీసుకుంది. బొటనవేలితో నొక్కి పగలగొట్టి, గింజ మీది ఎర్రపొట్టు గోటితో గీకి చూసింది. "గింజ బాగుందిరా. మన కాడ ఈ ఏడు ఇంత లావు రాలేదు" అంది. 24 సెన్సర్ నుంచి 16 సెంటీమీటర్ల దాకా ఫోకస్ చేస్తుంది. లెన్సుకూ కాయకూ మధ్య బెత్తెడు దూరం ఉన్నా చాలన్నమాట. ఆ వేళ్లనూ, గోట్లో ఇరుక్కున్న పొట్టునూ తీశాను. నిలుచున్న చోటి నుంచి కదలకుండా కెమెరా కొంచెం పైకెత్తితే అమ్మ ముఖం, వెనక రాశి, సేరుతో కొలుస్తున్న ఆవిడ, అన్నీ వచ్చాయి. 50 అయితే 35 సెంటీమీటర్లకన్నా దగ్గర ఫోకస్ చేయదు. రెండో ఫొటో కోసం నాలుగడుగులు వెనక్కి వేయాలి. వెనక జనం తోసుకొస్తుంటే ఎక్కడికని వేస్తాం?

ముఖాల దగ్గర మాత్రం 24ను నమ్ముకోకూడదు. ముఖం ఒక్కటే ఫ్రేమ్ నిండా రావాలంటే మరీ దగ్గరికి వెళ్లాలి, అంత దగ్గర్లో ముక్కు లావెక్కి చెవులు వెనక్కి పోతాయి. పాప ముఖాలకు ఇప్పటికీ నేను 50నే వాడతాను. దాంతోనూ ఒక జాగ్రత్త ఉంది: మీటరు దూరంలో ఎఫ్ 1.8 పెడితే స్పష్టంగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఒక కన్ను పదునుగా వస్తే రెండోది మసక. కాబట్టి కదిలే పిల్లలకు చివరికి ఎఫ్ 2.8 దగ్గరే పెడుతుంటాను.

40 మంచి లెన్సే. కానీ క్రాప్ కెమెరా మీద గదికి ఇరుకు, ముఖానికి కాస్త వెడల్పు. ఫుల్ ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు మాత్రం ఆలోచించక్కర్లేదు, ఇదే కొనుక్కోవచ్చు. 24 ఆ కెమెరాలకు అసలు పట్టదు.

క్యానన్ కొత్త తరం ఆర్ఎఫ్ మౌంట్ (లెన్స్ తగిలించే రకం) మిర్రర్‌లెస్ కెమెరా ఉంటే పాత పాన్‌కేక్ కోసం వెతక్కండి. దాన్ని తగిలించడానికి కావాల్సిన అడాప్టరే 24 ఎంఎం పొడవు, లెన్స్ కన్నా మందం! దానికి బదులు 120 గ్రాముల ఆర్ఎఫ్ 28 ఎంఎం ఎఫ్ 2.8 ఉంది. క్రాప్ బాడీ మీద 45 అవుతుంది, ఇంట్లోనూ బయటా సరిపోతుంది.

ఇంకా తేలకపోతే కిట్ లెన్స్ జూమ్ రింగును ఒక వారం 24 దగ్గర, మరో వారం 50 దగ్గర టేపుతో అంటించి వాడండి. వంటింట్లో, దర్శిని (నిలబడి తినే టిఫిన్ హోటల్) కౌంటర్ దగ్గర, మెట్రోలో మీరు రోజూ తీసేవే తీయండి. రెండో వారంలో ఎన్నిసార్లు మీ వీపు గోడకు తగిలిందో లెక్కపెట్టుకోండి.