ఆగితే ఆఫ్ అయ్యే కారు, కరకంబాడి రోడ్డు షెడ్డు

బెంగళూరులో స్టేజ్ వన్ ట్యూనింగ్ (పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించి, పనిలో పనిగా యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టర్బో నెట్టిన గాలిని ఉస్సుమని బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వ్ కూడా బిగించుకొచ్చాను. అప్పట్నుంచి మా టర్బో పెట్రోల్ కారు రోడ్డెక్కితే ఆగదు, సిగ్నల్ పడితే నిలబడదు. తిరుపతి లీలామహల్ సర్కిల్లో క్లచ్ నొక్కగానే ఆర్‌పీఎం ముల్లు 800 నుంచి 400కి పడిపోయి ఇంజిన్ ఆఫ్. అలిపిరి తనిఖీ లైన్లో ఒక పూట నాలుగుసార్లు ఆగింది, వెనక టాక్సీల హారన్లు, పక్కన అమ్మ గోవింద నామాలు. ఘాట్ దిగుతూ ఉండగా ఇంజిన్ ఆగితే పెడల్ తేలిగ్గా దిగేలా చేసే బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ అందదు, రెండు మూడు తొక్కులకే పెడల్ రాయిలా అయిపోతుంది. ఆ భయంతో కొండకి కారు తీయడమే మానేశాను.

ట్యూనింగ్ చేసినవాళ్ళు మళ్ళీ అంత దూరం రప్పించి ఐడిల్‌ని (కారు నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) 950కి పెంచి పంపారు, వారం బాగుంది, తర్వాత మళ్ళీ మొదలు. ఊళ్ళో ఇంకో గ్యారేజీలో ప్లగ్గులు, కాయిల్స్ మార్చి 11,000 తీసుకున్నారు, తేడా లేదు.

చివరికి ఒక ఫ్రెండ్ చెబితే కరకంబాడి రోడ్డులో ఉన్న ఈ చిన్న షెడ్డుకి తీసుకెళ్ళాను. బోర్డు కూడా సరిగా కనపడదు. అక్కడి మెకానిక్ కుర్రాడు స్పానర్ పట్టుకోకముందే స్కానర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచి, తగ్గించి సర్దుతోందో ఆ లెక్క) చూశాడు. ఐడిల్లో ప్లస్ 18, రేజ్ చేసి 2,500 దగ్గర పట్టి ఉంచితే 4. "గాలి ఏడో దూరతా ఉండాది అన్నా, ల్యాప్‌టాప్‌తో సర్దేది కాదు ఇది" అన్నాడు. ఐడిల్లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం కాబట్టి చిన్న లీకు కూడా పెద్దగా కనపడుతుందట, రేజ్ చేస్తే ఆ వాటా చిన్నదైపోతుందట. తర్వాత ఇన్‌టేక్‌లోకి పొగ పంపాడు. మా అమ్మ సాంబ్రాణి వేసినట్టు, వాల్వ్ కోసం కొత్తగా కలిపిన సన్న వాక్యూమ్ పైపు టీ జాయింట్ దగ్గర్నుంచి సన్నగా పైకి లేచింది. పైపు చీలిపోయి ఉంది!

అది సగమే. మిగతా సగం నా సరదా. మా కారులో మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉంది, లోపలికొచ్చే గాలిని అదే కొలుస్తుంది. ఆ కొలిచిన గాలిని నా ఉస్సుమనే వాల్వ్ బయటికి వదిలేస్తుంటే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మాత్రం అది లోపలే ఉందనుకుని దానికి సరిపడా పెట్రోలు పోస్తోంది. అంటే యాక్సిలరేటర్ వదిలి ఆగబోయే ఆ క్షణంలో పెట్రోలు ఎక్కువైపోయి ఇంజిన్ ఉక్కిరిబిక్కిరి, ఆ తర్వాత లీకు వల్ల తక్కువై వణుకు. రెండు తప్పులు, ఒకదానికొకటి ఎదురు, అందుకే ఎవరికీ దొరకలేదేమో.

పైపు మార్చాడు, పాత రీసర్క్యులేషన్ వాల్వ్ తిరిగి బిగించి ఆ గాలిని టర్బో ముందుకే మళ్ళించాడు, ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ కడిగి అడాప్టేషన్ చేశాడు, అంటే ఈసీయూకి దాన్ని మళ్ళీ కొత్తగా నేర్పించాడు. అంతా కలిపి 2,800. పోయిన సొమ్ము తలుచుకుంటే నవ్వొచ్చింది.

ఇబ్బందులూ చెప్పాలి. ఫోన్ ఎత్తడు. కూర్చోడానికి ఒక్క ప్లాస్టిక్ కుర్చీ, అదీ ఊగుతుంది. గంటలో అని చెప్పి సాయంత్రం చేశాడు, బిల్లు చీటీ మీద రాసిచ్చాడు. పొద్దున్నే వెళ్ళండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కారు వదలమంటాడు.

మొన్న అమ్మని తీసుకుని కొండకెళ్ళాను. అలిపిరి లైన్లో ఏసీ వేసుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాం, ముల్లు 800 మీద కదల్లేదు. ఆ ఉస్సుమనే చప్పుడు మాత్రం పోయింది, మా తమ్ముడికే కొంచెం బాధ.