పాత పాటలకి ఏది మేలు: ఆకాశవాణా, ప్రైవేటు ఎఫ్‌ఎమ్మా, పాటల పెట్టా?

మా నాన్నకి డెబ్బై నాలుగు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పై ఏళ్ల పైన గుమస్తాగా పద్దులు రాశాడు, ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో మా దగ్గరే ఉంటున్నాడు. పొద్దున్నే పేపరు చదువుతాడు, ఇక రాత్రి పడుకునేదాకా పాత పాటలే. ఆ పాటల కోసం ఈ మూడేళ్లలో మా ఇంట్లో చేయని ప్రయోగం లేదు. మామూలు రేడియో పెట్టాం, కార్లో ఎఫ్‌ఎం సరే సరి, పాటలు నింపి అమ్మే పెట్టె కొన్నాం, టీవీకి యూట్యూబ్ తగిలించాం. డబ్బులు పోయాయి, అనుభవం మిగిలింది, అది ఇక్కడ రాస్తున్నా. ఇంట్లో పెద్దవాళ్లకి ఏది కొనాలా అని చూస్తున్నవాళ్లకి పనికిరావచ్చు.

ముందు ఒక పేచీ తేల్చుకోవాలి. పాత పాట అంటే ఏది? నాన్న లెక్కలో 1974లో ఘంటసాల పోవడంతో పాత పాట అయిపోయింది, ఆ తర్వాత వచ్చినవన్నీ కొత్తవే. నేను పుట్టింది ఎనభైల్లో, నాకు ఇళయరాజా, రాజ్‌కోటి పాటలే పాతవి. మా అమ్మాయికి తను ఐదో తరగతిలో విన్న పాట కూడా పాతదే! నవ్వొస్తుంది గానీ లెక్క వేసి చూడండి. 1990లో రేడియోలో 1960 నాటి పాట వేస్తే ఇంటిల్లిపాదీ దాన్ని పాత పాటే అన్నాం, దాని వయసు అప్పటికి ముప్పై ఏళ్లు. 1995 పాటకి ఇవాళ ముప్పై దాటింది. మరి దాన్ని ఏమనాలి?

ఇది మన ఒక్కళ్ల గొడవ కాదు. న్యూయార్క్‌లో డబ్ల్యూసీబీఎస్ అని ఒక ఎఫ్‌ఎం స్టేషన్ 1972 నుంచి పాత పాటలకే అంకితం. 2005 జూన్‌లో యాజమాన్యం ఉన్నట్టుండి ఆ పాటలూ, ఏళ్లుగా అలవాటైన ప్రెజెంటర్లూ అన్నీ తీసేసి, మాటల్లేకుండా కలగాపులగంగా పాటలు వేసే పద్ధతికి మారింది. జనం గోల గోల చేశారు. 2007 జూలైలో మళ్లీ పాత పద్ధతికి రాక తప్పలేదు, కాకపోతే తిరిగొచ్చేటప్పుడు పాటల వయసు కొంచెం ముందుకి జరిపి డెబ్బైలు, ఎనభైలవి పెంచారు. అక్కడ ఓల్డీస్ అనే పేరు పోయి క్లాసిక్ హిట్స్ అనే పేరు స్థిరపడడానికి కారణం కూడా ఇదే. అరవైల పాటలు విన్నవాళ్లు ముసలివాళ్లయిపోయారు, ప్రకటనలిచ్చేవాళ్లకి ముసలివాళ్లు అక్కర్లేదు.

ఇంకో ముక్క, విషయానికి కాస్త పక్కది. పాత పాటల కార్యక్రమం అనగానే మనవాళ్లు ఆపాత మధురాలు అని పేరు పెట్టేస్తారు, చాలామంది దాన్ని ‘ఆ పాత’ మధురాలు అని విడదీసుకుంటారు. అసలు సంగతి వేరు. సంగీతం ఆపాతమధురం, సాహిత్యం ఆలోచనామృతం అని సంస్కృత శ్లోకం. ఆపాతం అంటే చెవిన పడీ పడగానే అని, అందులో పాతా లేదు కొత్తా లేదు. ఈ మాట నాకు చెప్పింది కూడా నాన్నే, ఎందుకో తర్వాత చెప్తా.

ఇక ఆకాశవాణి. విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న, మీడియం వేవ్ మీద 837 కిలోహెర్ట్జ్. ఇది కాక ఎఫ్‌ఎంలో 102.2 మీద రెయిన్‌బో కృష్ణవేణి ఉంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ లాంటివాళ్లు పనిచేసిన చోటు, ఆదివారం మధ్యాహ్నం రామాయణ భారతాలు చెప్పే ఉషశ్రీ గొంతు కోసం ఊళ్లకి ఊళ్లు భోజనాలు వాయిదా వేసుకున్న స్టేషన్. ఇదంతా గత వైభవం, దాన్ని చూసి ఇవాళ మార్కులు వేయకూడదు, ఒప్పుకుంటా. నేను మార్కులు వేసేది ఒక్కదానికే. పాటకి ముందు చెప్పే నాలుగు ముక్కలకి. చిత్రం ఫలానా, రచన ఫలానా, సంగీతం ఫలానా, పాడినవారు ఫలానా. పది సెకన్లు పడుతుందేమో. ఆ పది సెకన్లే మా నాన్నకి ప్రాణం. అనౌన్సర్ గొంతు సవరించుకునేలోపే ఆయన పాటెవరిదో చెప్పేస్తాడు, తర్వాత వాళ్లు చెప్పింది తన మాటతో కలిస్తే తల ఊపుతాడు. కలవలేదనుకోండి, ఇక ఆ రోజంతా మాకు పండగే. ఒకసారి ఆత్రేయ రాశాడని వాళ్లు, కాదు ఆరుద్ర అని ఈయన, చివరికి నేను ఫోన్లో వెతికి చూస్తే ఈయన మాటే తప్పు. “అయితే ఆ పుస్తకంలో తప్పు పడుంటుంది” అన్నాడు, ఏ పుస్తకమో మాకెవరికీ తెలియదు.

తమాషా ఏంటంటే, ఈ ఆకాశవాణే ఒకప్పుడు సినిమా పాటని గడప దగ్గరే ఆపేసింది. 1952లో కేస్కర్ సమాచార మంత్రి అయ్యాక సినిమా పేరు చెప్తే దానికి ఊరికే ప్రచారం చేసినట్టవుతుందని పేరు చెప్పడం మాన్పించారు, నిర్మాతలు అలిగి మా పాటలే వేయొద్దు పొమ్మన్నారు. జనం చేతులు ముడుచుకు కూర్చోలేదు, ముల్లు తిప్పి శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ పట్టుకున్నారు. అక్కడ అనౌన్సర్లలో హిందీకి అమీన్ సయానీ ఎలాగో, తెలుగుకి మీనాక్షి పొన్నుదురై అలాగ. ఆవిడ తెలుగు వినడానికే సిలోన్ పెట్టేవాళ్లమని ఆ తరం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దెబ్బకే 1957 అక్టోబరు 3న ఆకాశవాణిలోనే సినిమా పాటలు వేసే వివిధ భారతి పుట్టింది. పేరు చెప్పొద్దన్న చోటే ఇవాళ పేర్లన్నీ వరసగా చెప్తున్నారు. పేరు చెప్పడానికి ఏ అడ్డూ లేని ప్రైవేటు ఎఫ్‌ఎంలలోనేమో రాసినవాళ్ల పేరు వినపడడం అరుదు.

ఆకాశవాణిలో ఇంకోటి ఉంది, అది వేరేచోట ఎంత డబ్బు పెట్టినా తేలిగ్గా దొరకదు. సినిమాకి సంబంధం లేని లలిత గీతాలు, భక్తిరంజని, నాటక పద్యాలు. గుంటూరు, తెనాలి వైపు మనుషులకి పద్యం అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు కదా, హార్మోనియం మీద రాగం తీస్తుంటే పక్కన మాట్లాడేవాడిని కసిరే రకం. అవి ఎప్పుడొస్తాయో తెలియదు, ఎదురుచూడాలి, వచ్చినరోజు మా ఇంట్లో మిక్సీ ఆగిపోతుంది.

లోపాలు లేవా అంటే బోలెడు. రోజంతా పాత పాటలు రావు, మధ్యలో వార్తలు, పొలం పనుల మాటలు, అన్నీ ఉంటాయి, పాట మంచి రసపట్టులో ఉండగా టైమైపోతుంది. కొందరు అనౌన్సర్లు మరీ కాగితం చదివినట్టు చదువుతారు. మీడియం వేవ్ అయితే గరగర. దీనికి మాత్రం స్టేషన్ వాళ్లని తిట్టి లాభం లేదు, నేను ఆర్నెల్లు తిట్టాక తెలిసింది, దోషం మా ఇంట్లోనే ఉందని. చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఫ్యాన్ రెగ్యులేటరు, ఇవన్నీ మీడియం వేవ్‌ని పాడుచేస్తాయి. హాల్లో బల్బు ఆపి, రేడియో కిటికీ పక్కకి జరిపి, సెట్టుని నిలువు కాకుండా అడ్డంగా తిప్పి చూస్తే సగం గోల పోయింది. లోపలి యాంటెనా ఒక ఫెర్రైట్ కడ్డీ, అది ఎటు తిరిగుందో దాన్ని బట్టి ధ్వని మారుతుంది.

ప్రైవేటు ఎఫ్‌ఎం గురించి నాన్న అభిప్రాయం ఒక్క వాక్యం: “మిర్చి అంటే నాకు యార్డే”. నా అభిప్రాయం అంత కఠినం కాదు. నేను వారానికి నాలుగు రోజులు గుంటూరు వెళ్లొస్తా, తిరుగు ప్రయాణం రాత్రి. మంగళగిరి దాటి వారధి దగ్గర లారీల వెనక ఇరుక్కున్నప్పుడు స్టీరియోలో శుభ్రంగా వచ్చే పాట, మధ్యలో కులాసాగా మాట్లాడే ఒక గొంతు, నిజంగానే తోడు. ఆ టైముకి ఆర్జేలు కూడా పగటి అరుపులు తగ్గించి కాస్త మనుషుల్లా మాట్లాడతారు. తొంభైల పాటలు వేస్తారు, అవి నా పాటలు, నాకు హాయి.

కానీ నాన్న పాటలకి అక్కడ చోటు తక్కువ, దానికి కారణం ఎవరి చెడ్డతనమో కాదు, వ్యాపారం. ఆ స్టేషన్ బతికేది ప్రకటనల మీద. ప్రకటనలిచ్చేది చీరల షాపులు, నగల షాపులు, ప్లాట్లమ్మేవాళ్లు, ఇంటర్ కాలేజీలు. వాళ్లకి కావాల్సింది కొనే వయసువాళ్లు. అందుకని పెద్దాయన పాట రాత్రి తొమ్మిదికో పదికో నెట్టబడుతుంది, ఆయనేమో ఎనిమిదిన్నరకి మాత్రలు వేసుకుని పడుకుంటాడు. పైగా ఈ స్టేషన్లు సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి బులెటిన్ తీసుకుని వేయొచ్చు అంతే. కాబట్టి మాట్లాడడానికి మిగిలేది సినిమా కబుర్లు, ట్రాఫిక్, ప్రాంక్ కాల్స్. పాట గురించి మాట్లాడొచ్చు కదా అంటే, దానికి చదువుకుని రావాలి మరి. ఒక స్టేషన్లో (పేరెందుకు లెండి) సుశీల పాడిన పాటకి జానకి పేరు చెప్పి, రెండో చరణం మధ్యలో కోసేసి ప్లాట్ల ప్రకటన వేశారు. కార్లో పక్క సీట్లో నాన్న ఉన్నాడు. తాడేపల్లి నుంచి ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

అలాగని ప్రైవేటు వాళ్లకి చేతకాదని కాదు. హిందీలో బిగ్ ఎఫ్‌ఎం 2013 నుంచి అన్నూ కపూర్‌ని కూర్చోబెట్టి పాత సినిమాల, పాటల వెనక కథలు చెప్పించింది, బ్రహ్మాండంగా నడిచింది. నటుడు, చెప్పడం తెలిసినవాడు, పాటంటే ఇష్టం ఉన్నవాడు. తెలుగులో అలాంటి మనిషి దొరికి రోజుకో గంట ఇస్తే నేనే నాన్నని తొమ్మిదిదాకా మేలుకోబెడతా.

పాటల పెట్టె సంగతి. సారేగామా వాళ్ల కారవాన్ 2017లో వచ్చాక ఈ తరహావి చాలా వచ్చాయి, మేం కొన్నది ఇంకో కంపెనీది. రేడియో ఆకారం, గుండ్రటి మీట, తిప్పితే ఘంటసాల, ఇంకోసారి తిప్పితే సుశీల. మొదటి వారం నాన్న ముఖంలో వెలుగు చూడాలి. ప్రకటనల్లేవు, గరగర లేదు, కరెంటు పోయినా పాడుతుంది. మూడో వారానికి నస మొదలైంది. భక్తి పద్యం అవ్వగానే క్లబ్ పాట, దాని వెనకే ఏడుపు పాట. పెట్టెకి పొద్దున్నేదో రాత్రేదో ఏం తెలుసు? పాట అయ్యాక ఏం వేయాలో తెలియడం అనౌన్సర్ పనితనం, అది పక్కన లేనప్పుడు గానీ మనకి కనపడదు. ఇంకో బాధ, లెక్కది. ఐదు వేల పాటలున్న పెట్టె అనుకోండి, పాటకి మూడున్నర నిమిషాల చొప్పున రమారమి 290 గంటలు. రోజుకి నాలుగు గంటలు వినే మనిషికి 73 రోజుల్లో మళ్లీ మొదటికే. మా దాంట్లో అంతకంటే తక్కువే ఉన్నాయి. “ఇది నాకు తెలిసినవే పాడుతుందిరా, నేను మర్చిపోయింది ఒక్కటీ పాడట్లేదు” అన్నాడు ఒకరోజు. మూడేళ్లలో ఈ విషయం మీద ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు నాకు. అన్నట్టు హిందీ కారవాన్‌లో అమీన్ సయానీ మాటలతో నడిచిన రేడియో కార్యక్రమం గీత్‌మాలా కూడా పెట్టారు. ఉత్త పాటలు సరిపోవు, మధ్యలో ఒక మనిషి కావాలని ఆ పెట్టెలు చేసేవాళ్లకి కూడా తెలుసన్నమాట.

యూట్యూబ్ గురించి ఎక్కువ చెప్పను. అన్నీ దొరుకుతాయి, వెతకడం తెలిసినవాడికి. పెద్దవాళ్లకి వెతకడమే బెడద. పైగా దొరికేది చాలావరకు సినిమాలోంచి కోసిన ముక్క, మధ్యలో డైలాగులు, కొన్నిట్లో రికార్డులో ఉన్న చరణం సినిమాలో ఉండదు. గ్రామఫోన్ రికార్డు విని పెరిగిన చెవికి అది వెంటనే పట్టేస్తుంది.

కాబట్టి నా లెక్క ఇది. తెలిసిన పాట తెలిసిన టైముకి కావాలంటే పెట్టె కొనండి, మంచాన పడ్డవాళ్లకి, చూపు ఆననివాళ్లకి దాన్ని మించింది లేదు. మీకు నలభై ఏళ్లుండి, రాత్రి డ్రైవింగ్ ఉంటే ప్రైవేటు ఎఫ్‌ఎం చాలు. పాటతోపాటు దాని ఊరూ పేరూ కావాలి, మర్చిపోయిన పాట తలుపు తట్టాలి అనుకుంటే ఆకాశవాణే, గరగరతో సహా. ఆపాతమధురం ఎక్కడైనా దొరుకుతుంది, ఆ రెండోది, ఆలోచనామృతం, రచన ఫలానా అన్న మాట దగ్గర మొదలవుతుంది. నాన్న నాకు శ్లోకం చెప్పింది ఆ కార్లో కోసేసిన పాట మర్నాడే, కాఫీ తాగుతూ, ఇంకా కోపం పోలేదు.

కొనేముందు ఒక్కటి చూసుకోండి. గవర్నర్‌పేటలో నేను మొదటిసారి కొన్న సెట్టు అందంగానే ఉంది, బ్లూటూత్, పెన్‌డ్రైవ్, లైటు అన్నీ ఉన్నాయి, ఇంటికొచ్చి చూస్తే మీడియం వేవ్ లేదు, ఉత్త ఎఫ్‌ఎం. అట్టపెట్టె మీద ఎమ్‌డబ్ల్యూ అనో ఏఎం అనో రాసి ఉండాలి, షాపులోనే ఆన్ చేయించి 837 పెట్టించండి. లోపల ట్యూబ్‌లైట్ల గోలలో సరిగ్గా రాకపోతే రోడ్డు మీదకి తెచ్చి వినండి, షాపువాడు విచిత్రంగా చూస్తాడు, చూడనివ్వండి.