కృష్ణలో తిరిగే పడవకు 48 వోల్టుల కిట్: కొనొచ్చు, కానీ ఫ్యూజు మార్పించాలి

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపు 20 అడుగుల ఫైబర్ పడవలకు బిగించి ఇస్తున్న ఎలక్ట్రిక్ కిట్ ఇది. 3 కిలోవాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారు, కంట్రోలరు, 51.2 వోల్టుల (48 వోల్టుల సిస్టమ్ అనేది దీన్నే) 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ, చార్జరు, 35 స్క్వేర్ ఎంఎం కేబుల్ వస్తాయి. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపం చుట్టుపక్కల తిరిగే పడవకు 48 వోల్టులే సరైనవి.

3 కిలోవాట్లు లాగాలంటే 12 వోల్టుల మీద 250 ఆంపియర్లు కావాలి, 24 మీద 125, 48 మీద 62. బ్యాటరీ ముందు, మోటారు వెనక పెడితే రానూపోనూ 12 మీటర్ల వైరు పడుతుంది. ఇదే కేబుల్‌తో 12 వోల్టుల సిస్టమ్ నడిపితే ఒకటిన్నర వోల్టు దారిలోనే పోయి 375 వాట్లు వేడైపోతాయి. 48లో పోయేవి 23 వాట్లే. ఒక కిలోవాటు లోపు చిన్న మోటారైతే 24 చాలు.

72 వోల్టుల కిట్ తీసుకుంటే స్పీడు వస్తుందన్న మాట నమ్మొద్దు. నీటిని చీల్చుకుపోయే ఈ తరహా పడవ 20 అడుగులుంటే గంటకు సుమారు 11 కిలోమీటర్ల దగ్గరే బిగుసుకుంటుంది, ఆపైన ఎంత పవరు పెట్టినా అలలే పెరుగుతాయి. పైగా 72 సిస్టమ్ ఫుల్ చార్జిలో 87 వోల్టులు దాటుతుంది. తడి చేతులతో పనిచేసే చోట 60 వోల్టుల డీసీ లోపు ఉండడమే మేలు. ఈ 16 సెల్స్ ప్యాక్ ఫుల్ చార్జిలోనూ 58.4 దగ్గర ఆగుతుంది.

ఎంత దూరం వెళ్తామన్నది వోల్టులు కాదు, వాట్ అవర్లు తేలుస్తాయి. ఇందులో 5,120 (51.2 వోల్టులు × 100 ఏహెచ్) ఉన్నాయి. ఎనభై శాతం వాడుకుంటే ఫుల్ థ్రాటిల్‌లో గంటా ఇరవై నిమిషాలు. పవరు సగానికి దించితే వేగం ఐదో వంతు తగ్గుతుంది, సమయం రెట్టింపవుతుంది. అలా నడపడమే తెలివి.

పెద్ద లోపం ఫ్యూజు. ఇంటి ఏసీ ఎంసీబీ ఒకటి బిగించి ఇస్తున్నారు. డీసీ కరెంటు తెగేటప్పుడు లేచే మంట (ఆర్క్) దానితో ఆరదు, షార్టయితే కాలుతూనే ఉంటుంది. కారు ఆడియో షాపుల్లో దొరికే ఏఎన్ఎల్ ఫ్యూజులు చాలావరకు 32 వోల్టులవే, అవీ పనికిరావు. కనీసం 80 వోల్టుల డీసీ రేటింగున్న 100 ఆంపియర్ల క్లాస్ టీ (పెద్ద షార్ట్ కరెంటును వెంటనే తెంచే రకం) ఫ్యూజు, బ్యాటరీ ప్లస్‌కి జానెడు లోపే పెట్టించాలి. ప్రీచార్జ్ (మెయిన్ స్విచ్ వేసేముందు కంట్రోలరు కెపాసిటర్లను మెల్లగా నింపే ఏర్పాటు) కూడా లేదు. మెయిన్ స్విచ్ వేసినప్పుడల్లా కంట్రోలరు కెపాసిటర్ల వల్ల మంట లేచి కాంటాక్టులు పోతాయి. 100 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టరు, ఒక పుష్ బటన్ చాలు, రెండు మూడు సెకన్లు నొక్కి తర్వాత స్విచ్ వేయాలి.

చవగ్గా వస్తుందని నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీల రకం తీసుకునేవాళ్లు లైటుకీ హారన్‌కీ ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు తీయకూడదు. అది ముందే చచ్చి మిగతా మూడింటినీ లాగేస్తుంది. 48ని 12 వోల్టులకు దించే డీసీ-డీసీ కన్వర్టరు పెట్టుకోవాలి.

మే నెల ఎండలో బ్యాటరీ పెట్టె 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ పెట్టొద్దు, రాత్రికి మార్చండి. గుర్రపు డెక్క ప్రొపెల్లరుకు చుట్టుకుంటే కరెంటు పెరుగుతుంది, మోటారు ఆపి తీసేయాలి తప్ప థ్రాటిల్ పెంచకూడదు.

డబ్బు పూర్తిగా కట్టేముందు పడవను రేవుకు కట్టేసి ఫుల్ థ్రాటిల్ ఇప్పించండి. బ్యాటరీ దగ్గరి వోల్టేజీకీ కంట్రోలరు దగ్గరి వోల్టేజీకీ తేడా అర వోల్టు దాటితే లగ్గుల (కేబుల్ చివర నొక్కి బిగించే లోహపు కొనల) క్రింపింగ్ సరిగా లేనట్టే. అక్కడికక్కడే మళ్లీ వేయించండి.